ప్రహరీ దాటని భద్రతా దినాలు

మార్చి మొదలైన దగ్గర్నుంచి ఏప్రిల్ ఆఖరు దాకా విశాఖ బీచ్ రోడ్డులో పొద్దున్నే నడిచేవాళ్లకు బ్యానర్లు కొత్త కాదు. మార్చి 22న నీటి గురించి, 24న క్షయ గురించి, ఏప్రిల్ 2న ఆటిజం గురించి, 7న ఆరోగ్యం గురించి, 22న భూమి గురించి కాళీమాత గుడి దగ్గర్నుంచి ఏదో ఒక బృందం నడుస్తూనే ఉంటుంది. వీటిలో చాలా తేదీల వెనక ఒక సంఘటన ఉంది. 1882 మార్చి 24న బెర్లిన్‌లో రాబర్ట్ కాక్ క్షయకు కారణమైన బాక్టీరియాను కనుగొన్నట్టు ప్రకటించాడు. 1948 ఏప్రిల్ 7న ప్రపంచ ఆరోగ్య సంస్థ రాజ్యాంగం అమల్లోకి వచ్చింది. తుపాన్ల ఊరు కాబట్టి విశాఖ గుర్తుపెట్టుకోవలసిన మార్చి 23 కూడా అలాంటిదే. ప్రపంచ వాతావరణ సంస్థ ఒడంబడిక 1950లో ఆ రోజే అమల్లోకి వచ్చింది.

ఇదే రెండు నెలల్లో ఈ నగరానికి అన్నిటికంటే దగ్గరైన తేదీలు మరో మూడున్నాయి. మార్చి 4, ఏప్రిల్ 14, ఏప్రిల్ 28. మొదటిది జాతీయ భద్రతా దినం, రెండోది అగ్నిమాపక సేవల దినం, మూడోది పనిచోట భద్రత, ఆరోగ్యాల కోసం ప్రపంచం పాటించే దినం. రిఫైనరీ, ఉక్కు కర్మాగారం, ఎరువుల కర్మాగారం, ఓడల నిర్మాణ కేంద్రం, రేవు, ఫార్మా సిటీ ఒకే చోట చేరిన ఊళ్లో ఈ మూడింటినీ పాటించకుండా వదలరు. కాకపోతే అవి బీచ్ రోడ్డుకు రావు. ఎక్కువభాగం కర్మాగారం గేటు లోపలే మొదలై అక్కడే ముగుస్తాయి. విశాఖలో ప్రమాదం ప్రహరీ దాటి వీధిలోకి వచ్చిన సందర్భాలున్నాయి. భద్రతా దినం మాత్రం ఇంకా ప్రహరీ దాటలేదు. ఈ మూడు తేదీల గురించి ఆలోచించాల్సింది ముఖ్యంగా ఇదే.

కేంద్ర కార్మిక మంత్రిత్వ శాఖ 1966 మార్చి 4న జాతీయ భద్రతా మండలిని ఏర్పాటు చేసింది. మండలి పుట్టిన ఆ రోజునే 1972 నుంచి జాతీయ భద్రతా దినంగా జరుపుతున్నారు. చాలాచోట్ల అది వారంగా, కొన్నిచోట్ల నెలగా సాగింది. ఆ రోజు జనరల్ షిఫ్టు మొదలయ్యే వేళకు గేటు లోపలి ఖాళీ స్థలంలో ఉద్యోగులు హెల్మెట్లతో వరుసలు కడతారు. చొక్కా జేబుకు గుండుసూదితో గుచ్చిన చిన్న బ్యాడ్జీ ఉంటుంది. భద్రతా జెండా ఎగరేశాక ఒకరు మైకులో ప్రతిజ్ఞ చదువుతుంటే మిగతావాళ్లు కుడిచెయ్యి ముందుకు చాచి ఒక్కో ముక్కా తిరిగి చెబుతారు. వారం పొడవునా నినాదాల పోటీ, వ్యాసాల పోటీ, చివరి రోజు బహుమతులు. ఇదంతా దండగని అనలేం. ఏడాదిలో ఒక్కసారైనా యాజమాన్యం, ఉద్యోగి ఒకే వరుసలో నిలబడి ఒకే మాట చెప్పడానికి విలువుంది.

అయితే ఆ వరుసలో ఎవరు లేరో కూడా చూడాలి. కాంట్రాక్టు మనుషుల్లో చాలామంది ఆ వేళకు ఇంకో గేటు దగ్గర పాసు చూపించి, టూల్‌బాక్స్ టాక్ పేరుతో మేస్త్రి చెప్పే నాలుగు మాటలు విని పనిలోకి దిగుతుంటారు. ట్యాంకు లోపల గీకడం, ఎత్తున వెల్డింగు, మరమ్మతులకు యంత్రాలు ఆపే షట్‌డౌన్‌లో పైపులు విప్పడం లాంటి పనులు వాళ్ల వంతు. 2020 ఆగస్టు 1న హిందుస్థాన్ షిప్‌యార్డులో కొత్త క్రేనుకు లోడు పరీక్ష చేస్తుండగా అది కూలి 11 మంది చనిపోయారు. వాళ్లలో ఎక్కువమంది కాంట్రాక్టు సంస్థల మనుషులే. ప్రతిజ్ఞ మొదట చేరాల్సిన చెవులు ఆ మైదానంలో ఉండకపోతే, ఆ ఉదయం సగం పనే జరిగినట్టు.

మార్చి 4 అనే తేదీకి రుతువుతో సంబంధం లేదు, మండలి ఆ రోజు పుట్టిందంతే. అయినా కోస్తాలో ఆ తేదీ సరైన సమయానికే పడింది. శివరాత్రికి చలి శివశివా అంటూ వెళ్లిపోతుందని మనవాళ్లు అంటారు. అక్కడి నుంచి ఎండ ముదురుతుంది. వెనకటి రోజుల్లో తాటాకిళ్లున్న పేటల్లో ఫాల్గుణం దాటకుండానే కప్పు సరిచేసుకునేవాళ్లు, వాకిట్లో గోలెం నిండా నీళ్లు పెట్టుకునేవాళ్లు. గాడ్పులు మొదలయ్యాక నిప్పురవ్వ ఎటు ఎగురుతుందో ఎవరి చేతిలోనూ ఉండదు. రసాయనాల ట్యాంకులకు కూడా అలాంటి గడువే ఉంది. కొన్ని ద్రవాలు వేడి పెరిగితే తమలో తామే గొలుసు కట్టుకుంటాయి. అలా కట్టుకునేటప్పుడు ఇంకా వేడిని విడుదల చేస్తాయి, ఆ వేడి చర్యను మరింత వేగం చేస్తుంది. దాన్ని అదుపులో పెట్టడానికి ట్యాంకును చల్లగా ఉంచుతారు, గొలుసు కట్టకుండా ఆపే రసాయనాన్ని కలుపుతారు. వేడి ఎక్కువైన కొద్దీ ఆ రసాయనం తొందరగా ఖర్చవుతుంది. చల్లబరిచే యంత్రాలు, ఉష్ణోగ్రత చూపే మీటర్లు, కలిపే రసాయనం నిల్వ, సైరన్లు అన్నీ ఎండలకు ముందే ఒకసారి తడిమి చూసుకోవడానికి మార్చి మొదటి వారం కంటే మంచి వారం లేదు. వ్యాసాల పోటీకిచ్చే రోజుల్లో ఒక రోజు దీనికిస్తే చాలు.

ఏప్రిల్ 14 కథ వేరు. ఆ తేదీ వెనక ఒక రేవు ఉంది. 1944లో ఫోర్ట్ స్టికిన్ అనే సరుకు ఓడ కరాచీ మీదుగా బొంబాయి చేరి విక్టోరియా డాక్‌లో లంగరేసింది. అందులో సుమారు 1,400 టన్నుల పేలుడు పదార్థాలున్నాయి. వాటితోపాటు పత్తి బేళ్లు, నూనె పీపాలు, కలప. యుద్ధకాలం కాబట్టి సరుకు ఎక్కడ ఖాళీ దొరికితే అక్కడ కుక్కారు. ఏప్రిల్ 14 మధ్యాహ్నం పత్తి ఉన్న అరలోంచి పొగ వచ్చింది. అగ్నిమాపక దళం 900 టన్నులకు పైగా నీళ్లు పోసినా పొగలో నిప్పు ఎక్కడుందో దొరకలేదు. ఓడను సముద్రంలోకి లాగేయాలా, ఉన్నచోటే ముంచేయాలా అన్నది తేలకముందే నాలుగు గంటలు దాటగానే మొదటి పేలుడు, మరో అరగంటకు రెండోది జరిగాయి. వందలమంది చనిపోయారు, రేవు చుట్టుపక్కల పేటలు కాలిపోయాయి. ఆర్పడానికి వెళ్లినవాళ్లలో 66 మంది అగ్నిమాపక సిబ్బంది ప్రాణాలు కోల్పోయారు. వాళ్ల స్మృతిలో దేశమంతా ఏప్రిల్ 14న నివాళి, 20 దాకా అగ్నిమాపక వారోత్సవాలు.

రేవు ఊళ్లో పెరిగినవాళ్లకు ఈ కథ దూరంగా అనిపించదు. విశాఖ రేవు 1933లో మొదలైంది. 1957లో రిఫైనరీ వచ్చింది. ముడిచమురు, వంటగ్యాసు, ఎరువులు, బొగ్గు అన్నీ ఈ నీళ్ల మీదుగానే వస్తాయి. 2020 ఆగస్టు 4న బీరూట్ రేవులో 2,750 టన్నుల అమ్మోనియం నైట్రేట్ పేలినప్పుడు విశాఖలో ఆందోళన మొదలైంది. ఆ సరుకు మన రేవుకు కూడా దిగుమతి అవుతుంది కనుక ఇక్కడి గోదాముల సంగతేమిటని అప్పుడు అందరూ అడిగారు. ఆ ప్రశ్నకు బీరూట్ దాకా వెళ్లక్కర్లేదు, బొంబాయి చాలు. ఏ సరుకు పక్కన ఏ సరుకు పెట్టకూడదు, నిప్పంటుకుంటే చివరి నిర్ణయం ఎవరిది, ఆ మనిషికి ఎన్ని నిమిషాల్లో కబురు చేరుతుంది అన్న మూడు ప్రశ్నలనూ ఫోర్ట్ స్టికిన్ మన ముందు పెట్టి 80 ఏళ్లు దాటింది.

వారోత్సవాల్లో జనానికి కనిపించేది ప్రదర్శన. స్కూలు ఆవరణలోనో అపార్ట్‌మెంటు కిందో ఫైర్‌మ్యాన్ గ్యాసు సిలిండరు తెచ్చి దాని మూతి దగ్గర మంట వెలిగిస్తాడు. మంట మనిషెత్తున లేస్తుంది, చుట్టూ ఉన్నవాళ్లు నాలుగడుగులు వెనక్కి వేస్తారు. అతను బకెట్లో నానబెట్టిన గోనెసంచి తీసి, రెండు చేతులతో కొసలు పట్టుకుని, తన వేళ్లు మంటవైపు రాకుండా సంచి మడతలోకి తిప్పుకుని, సిలిండరు మీద తనవైపు నుంచి అవతలికి కప్పేస్తాడు. మంట చప్పున ఆరిపోతుంది. వెంటనే వాల్వు కట్టేస్తాడు. తర్వాత గుంపులోంచి ఒక గృహిణిని పిలిచి అదే చేయమంటాడు. ఆమె మొదటిసారి సంచిని దూరంనుంచి విసురుతుంది, మంట ఆరదు. రెండోసారి దగ్గరికెళ్లి కప్పుతుంది. ఈ రెండోసారి కోసమే ఆ ప్రదర్శన. చేతికి ఒకసారి తెలిశాక వంటింట్లో కాళ్లు వణకవు. మరుగుతున్న నూనెకు మంటంటుకుంటే నీళ్లు పోయకూడదని, మూత పెట్టి పొయ్యి కట్టేయాలని కూడా అక్కడే చూపిస్తారు. అవగాహన దినాలన్నిటిలోనూ మనిషి చేతికి పని నేర్పేది బహుశా ఇదొక్కటే.

ఆ వారం ఇంకోచోట కూడా జరిగితీరాలి. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మరబోట్ల వేట నిషేధం ఉంటుంది. చేపలు గుడ్లు పెట్టే కాలం కనుక ఈ విరామం. ఈ తేదీ కోసం ఏ బ్యానరూ కట్టక్కర్లేదు, చేపల రేవులో ప్రతి కలాసీకీ అది కంఠతా వచ్చు. ఏప్రిల్ 14 రాత్రికల్లా బోట్లన్నీ ఒడ్డుకు చేరతాయి. అగ్నిమాపక వారోత్సవాలు మొదలయ్యే రోజే, ఏడాది పొడవునా సముద్రంలో చెల్లాచెదురుగా ఉండే వందల బోట్లు ఒకే జెట్టీ దగ్గర పక్కపక్కనే తాళ్లు కట్టుకుని నిలబడతాయన్న మాట. ఆ తర్వాత రెండు నెలలూ మరమ్మతుల కాలం. వెల్డింగు మెరుపులు, రంగులు, టిన్నర్ వాసన, ఇంజను విప్పినచోట కారే డీజిలు, వలలు బాగుచేసుకుంటూ అక్కడే వండుకునే పొయ్యిలు. నిప్పుకు కావలసినవన్నీ ఒక్కచోటే ఉంటాయి.

అలా ఒక్కచోట ఉంటే ఏమవుతుందో 2023 నవంబరు 19 రాత్రి విశాఖ చూసింది. చేపల రేవులో ఒక బోటుకు అంటుకున్న మంట పక్క బోటుకు, అక్కడి నుంచి మరో దానికి పాకింది. ఒక్కో బోటులో వేటకు నింపిన డీజిలు, వంటకు తెచ్చుకున్న గ్యాసు సిలిండర్లు ఉన్నాయి. సిలిండర్లు పేలుతుంటే దగ్గరికి వెళ్లడమే కష్టమైంది. తెల్లారేసరికి 40 దాకా బోట్లు బూడిదయ్యాయి. ప్రాణాలు పోకపోవడం అదృష్టం. ఒక బోటు మీద బతికేది ఒక యజమాని మాత్రమే కాదు. దాని వెనక కలాసీల కుటుంబాలు, ఐసు మోసేవాళ్లు, ఎండుచేపలమ్మే ఆడవాళ్లు ఉంటారు. వాళ్లందరి పొయ్యీ ఆ రాత్రి ఆరిపోయింది.

బోటుకు బోటుకు మధ్య ఎంత ఖాళీ ఉండాలి, వెల్డింగు జరిగేచోట ఎవరు కాపలా ఉండాలి, మంటంటుకుంటే పక్క బోటు తాడు కోసి దాన్ని నీళ్లలోకి తోసేదెవరు, ఫైరింజను జెట్టీ చివరిదాకా రావడానికి దారి ఉందా అన్నవి వారోత్సవాల్లో తేల్చుకోవలసిన సంగతులు. కార్యాలయ ప్రాంగణంలో జరిపే ఒక ప్రదర్శనను ఏప్రిల్ 16నో 17నో చేపల రేవుకు మారిస్తే, చూడాల్సిన మనిషి అక్కడే ఖాళీగా దొరుకుతాడు. మామూలు రోజుల్లో అతను సముద్రం మీద ఉంటాడు.

ఏప్రిల్ 28 చరిత్ర కార్మిక సంఘాలది. 1984లో కెనడా సంఘాలు పనిచోట చనిపోయినవాళ్ల కోసం సంతాప దినంగా దాన్ని మొదలుపెట్టాయి. అమెరికాలో 1971లో వృత్తి భద్రత చట్టం అమల్లోకి వచ్చింది కూడా అదే తేదీన. అందుకే అక్కడి సంఘాలూ దాన్నే ఎంచుకున్నాయి. 2003 నుంచి అంతర్జాతీయ కార్మిక సంస్థ ఆ రోజును ప్రపంచ దినంగా పాటిస్తోంది. 2022లో అదే సంస్థ, సురక్షితమైన పనిచోటును కార్మికుల మౌలిక హక్కుల్లో చేర్చింది. మార్చి 4న జాగ్రత్తగా ఉంటామని మాటిస్తారు. ఏప్రిల్ 28న పోయినవాళ్లను తలుచుకుంటారు. మన దగ్గర ఈ రెండో పని తక్కువ. ఉక్కు కర్మాగారంలో 2012 జూన్ 13న ఆక్సిజన్ విభాగంలో జరిగిన పేలుడులో 19 మంది చనిపోయారు. పక్కనే అనకాపల్లి జిల్లా అచ్యుతాపురంలో 2024 ఆగస్టు 21న ఒక ఫార్మా సంస్థలో 17 మంది. ఈ అంకెలు వార్తల్లో వారంరోజులుంటాయి, పరిహారం ప్రకటించాక వెళ్లిపోతాయి. కొడుకు హెల్మెట్ ఇంకా చిలక్కొయ్యకు వేలాడుతున్న ఇంట్లో మాత్రం ఏ తేదీ అయినా అదే తేదీ. ఏప్రిల్ 28న ఆ కుటుంబాలను పిలిచి పేర్లు చదవడానికి పెద్ద ఖర్చేమీ కాదు.

ఇంతవరకూ చెప్పినవి ఎక్కువగా గోడ లోపలి మనుషుల గురించి. విశాఖకు తనవైన తేదీలు రెండున్నాయి, అవి గోడ బయటివి కూడా.

1997 సెప్టెంబరు 14, ఆదివారం తెల్లవారుజాము. మల్కాపురం వైపు రిఫైనరీలో ఓడ నుంచి గోళాకార ట్యాంకులకు వంటగ్యాసు ఎక్కిస్తున్న సమయంలో లీకైన గ్యాసు మేఘంలా కమ్ముకుని అంటుకుంది. 60 మంది దాకా చనిపోయారు. ఆకాశం నల్లబడింది. పారిశ్రామిక ప్రాంతం నుంచి జనం ఇళ్లు వదిలి దొరికిన వాహనమెక్కి వెళ్లిపోయారు. ఎటు వెళ్లాలో, ఎంత దూరం వెళ్లాలో, ఎప్పుడు తిరిగి రావాలో చెప్పే మనిషి లేడు.

2020 మే 7, గురువారం. లాక్‌డౌన్‌తో వారాల తరబడి ఆగిన ఎల్జీ పాలిమర్స్‌లో తెల్లవారుజామున 3 గంటల వేళ స్టైరీన్ ట్యాంకు నుంచి ఆవిరి బయటికొచ్చింది. ప్లాస్టిక్ తయారీకి వాడే స్టైరీన్, వేడెక్కితే గొలుసు కట్టుకునే ద్రవాల్లో ఒకటి. గోపాలపట్నం దగ్గర ఆర్.ఆర్. వెంకటాపురం నిద్రలో ఉంది. కళ్లు మండి, ఊపిరాడక లేచినవాళ్లు పిల్లల్ని ఎత్తుకుని పరుగెత్తారు. చాలామంది వీధుల్లోనే స్పృహతప్పి పడిపోయారు. పశువులు కట్టుకొయ్యల దగ్గరే చచ్చిపోయాయి. 12 మంది మరణించారు, వందలమంది ఆసుపత్రుల పాలయ్యారు. రాష్ట్ర ప్రభుత్వం వేసిన ఉన్నతస్థాయి కమిటీ ఆ జులైలో నివేదిక ఇచ్చింది. ట్యాంకును చల్లబరిచే వ్యవస్థను రోజుకు 24 గంటలూ నడపలేదని, గొలుసు కట్టకుండా ఆపే రసాయనం తగినంత లేదని, ఉష్ణోగ్రత కొలిచే ఏర్పాటు ట్యాంకు అడుగునే ఉందని అందులో తేలింది. ఇవి మార్చి 4 వారంలో తడిమి చూసుకోవలసిన సంగతులు. ఇంకొకటి కూడా తేలింది. ప్రమాద సైరన్ మోగించే బటన్లు కర్మాగారంలో 36 చోట్ల ఉన్నాయి. ఆ రాత్రి ఒక్కటీ నొక్కలేదు.

గోడకు అంత దగ్గరగా ఇళ్లెందుకున్నాయన్న ప్రశ్న ప్రతి ప్రమాదం తర్వాతా వస్తుంది. జవాబు విశాఖ ఎదిగిన తీరులో ఉంది. ఆ కర్మాగారం 1961లో హిందుస్థాన్ పాలిమర్స్‌గా మొదలైనప్పుడు అది ఊరికి దూరం. కర్మాగారం పని ఇచ్చింది, పని కోసం జనం వచ్చారు, జనం చుట్టూ పేట పెరిగింది. 2005లో మహా విశాఖ నగరపాలక సంస్థ ఏర్పడేసరికి గాజువాక, గోపాలపట్నం అన్నీ నగరమే. ఇళ్లు కట్టుకున్నవాళ్లను తప్పుపట్టి లాభం లేదు. ఆ అనుమతులిచ్చినవాళ్లూ, పన్ను కట్టించుకున్నవాళ్లూ ఉన్నారు.

నేల తీరు కూడా తోడైంది. ఉత్తరాన కైలాస కొండలు, దక్షిణాన యారాడ కొండ, మధ్యలో గిన్నెలాంటి పల్లం. పగలు సముద్రపు గాలి ఆ గిన్నెను కాస్త ఊడుస్తుంది. రాత్రి గాలి పడిపోతుంది, బరువైన ఆవిరి ఎక్కడిదక్కడే నేలమీద పరుచుకుంటుంది. స్టైరీన్ ఆవిరి గాలికంటే మూడున్నర రెట్లు బరువు. క్లోరిన్ దాదాపు రెండున్నర రెట్లు. వంటగ్యాసు కూడా గాలికన్నా బరువే. అలాంటి వాయువు వచ్చినప్పుడు నేలబారున పరుగెత్తడం, పల్లంలో దాక్కోవడం ప్రమాదం. గాలి వీచే దిశకు అడ్డంగా నడిచి దాని దారిలోంచి తప్పుకోవాలి, మిట్ట ఎక్కాలి. తడిగుడ్డ ముక్కుకు కట్టుకోమని అందరూ చెబుతారు. అమోనియాకు అది కొంత పనిచేస్తుంది, ఎందుకంటే అమోనియా నీళ్లలో ఇట్టే కలిసిపోతుంది. స్టైరీన్ నీళ్లలో దాదాపు కరగదు, దానికి తడిగుడ్డ చేసే మేలు తక్కువ. కాబట్టి ‘గ్యాసు లీకైతే ఏం చేయాలి’ అన్న ప్రశ్నకు ఊరంతటికీ ఒకటే జవాబు కుదరదు. ఎరువుల కర్మాగారం ఉన్న శ్రీహరిపురం వాళ్లకు ఒక జవాబు, రిఫైనరీ నీడన ఉన్న మల్కాపురం వాళ్లకు ఇంకొకటి, ఫార్మా సిటీ ఉన్న పరవాడ వాళ్లకు మరొకటి. తమ గోడ అవతల ఉన్న రసాయనం పేరు తెలియనిదే ఆ జవాబు తెలియదు.

ఆ పేరు చెప్పాలని చట్టం ఎప్పుడో అంది. భోపాల్ తర్వాత 1987లో ఫ్యాక్టరీల చట్టాన్ని సవరించి, ప్రమాదకర పరిశ్రమలు చుట్టుపక్కల ప్రజలకు కూడా సమాచారం ఇవ్వాలన్నారు. 1989లో వచ్చిన ప్రమాదకర రసాయనాల నిబంధనలు ఇంకా స్పష్టం. పెద్ద ప్రమాదానికి అవకాశమున్న కర్మాగారం, ఆ ప్రమాదం తగిలే వీలున్న బయటివాళ్లకు దాని స్వభావమేమిటో, జరిగితే ఏం చేయాలో, ఏం చేయకూడదో తెలియజేయాలి. లోపలి అత్యవసర ప్రణాళికకు ఆరు నెలలకోసారి మాక్ డ్రిల్ జరగాలి. బయటి ప్రణాళిక జిల్లా యంత్రాంగం చేతిలో ఉంటుంది, దానికి ఏడాదికొకసారైనా రిహార్సల్ ఉండాలి. కాగితం మీద లోటేమీ లేదు. మూడు భద్రతా దినాలు దేశమంతటికీ ఉన్నాయి, ఏడాదికోసారి బయటి రిహార్సల్ నిబంధనలో ఉంది. ఈ రెండింటినీ కలిపి ఒక తేదీన వీధిలోకి తేవడమే మిగిలింది.

ఆ రిహార్సల్ వేళ గురించి ఆలోచించాలి. మాక్ డ్రిల్ సాధారణంగా పగటిపూట, అధికారులు వచ్చాక, అందరూ మెలకువగా ఉన్నప్పుడు జరుగుతుంది. భోపాల్ అర్ధరాత్రి దాటాక జరిగింది. మల్కాపురంలో తెల్లవారుజామున. చేపల రేవులో రాత్రి. వెంకటాపురంలో తెల్లారగట్ల 3 గంటలకు. లోపల తక్కువమంది, నిద్రమత్తు కళ్లు, పై అధికారికి ఫోను చేసి అడిగి గానీ బటన్ నొక్కలేని భయం, ఇవన్నీ రాత్రి షిఫ్టులో ఉంటాయి. అందుకే మార్చి వారంలో ఒక డ్రిల్ అయినా రాత్రి షిఫ్టులో పెట్టాలి. అనుమతి కోసం ఆగకుండా సైరన్ నొక్కే అధికారం ఆ షిఫ్టులో ఉన్న చిన్న ఆపరేటరుకు ఉందని, తప్పుగా నొక్కినా మెమో ఇవ్వరని అందరి ముందూ చెప్పాలి. మైకులో చదివే ప్రతిజ్ఞలో ఈ వాక్యం చేరితే, మిగతా వాక్యాలన్నిటికంటే ఎక్కువ పనిచేస్తుంది.

బయట చేయాల్సింది అంతకంటే చిన్నది. గోడ చుట్టూ ఉన్న ఇళ్లకు తెలుగులో ఒక కార్డు. దానిమీద రసాయనం పేరు, వాసన ఎలా ఉంటుంది, తడిగుడ్డ పనికొస్తుందా లేదా, ఏ మిట్టవైపు వెళ్లాలి, ఏ నంబరుకు ఫోను చేయాలి. చదువురాని ముసలమ్మకు సచివాలయం సిబ్బంది ఇంటికొచ్చి చదివి వినిపించాలి. గాలి ఎటు వీస్తోందో చూపే గుడ్డసంచి కర్మాగారం లోపల ఎత్తుమీద ఎగురుతూ ఉంటుంది. అలాంటిదే ఒకటి పేటలో కనిపించే నీళ్ల ట్యాంకు మీద పెడితే, రాత్రి దానిమీద ఒక దీపం ఉంటే, ఎటు పరుగెత్తాలన్న ప్రశ్నకు తలెత్తి చూస్తే చాలు.

ఇక సైరన్. పారిశ్రామిక పేటల్లో పెరిగిన పిల్లలకు షిఫ్టు సైరన్ గడియారంతో సమానం. అన్నం ఎప్పుడు వండాలో, స్కూలుకు ఎప్పుడు బయల్దేరాలో దాన్నిబట్టే తెలిసేది. ప్రమాద సైరన్ అలా ఉండదు. సాధారణంగా అది పైకీ కిందికీ ఊగుతూ మోగుతుంది. ప్రమాదం తప్పిపోయిందని చెప్పేది ఒకే శ్రుతిలో నిలిచి మోగుతుంది. ఈ రెండింటినీ విని తేడా గుర్తుపట్టగలిగినవాళ్లు ఆ వీధుల్లో ఎందరో అడిగి చూడాలి. 2025 మే 7న దేశవ్యాప్త పౌర రక్షణ విన్యాసంలో భాగంగా విశాఖలో సైరన్లు మోగించారు. శత్రుదాడి జరిగితే జనం ఎలా తప్పుకోవాలో నేర్పడానికి పెట్టిన విన్యాసం అది. తేదీ ఢిల్లీలో నిర్ణయమైంది. సరిగ్గా ఐదేళ్ల కిందట అదే తేదీన ఆర్.ఆర్. వెంకటాపురం ఆ మోత కోసమే ఎదురుచూసి ఉండాల్సింది, అప్పుడు 36 బటన్లూ అలాగే ఉండిపోయాయి. ఆ పేటలో ఏటా మే 7న, ముందుగా ఇంటింటికీ చెప్పి, ఊగే సైరన్ ఒకసారి, నిలకడ సైరన్ ఒకసారి మోగించి వినిపించడానికి ఒక్క జీవో చాలు.